పదహారేళ్ల మేనకోడలు తండ్రిని విడిచి మా ఇంట్లో ఉండవచ్చా?

ప్రశ్న (తెనాలి):
మా అక్క చనిపోయాక ఆమె కూతురు విజయవాడలో తండ్రి దగ్గర ఉంటూ ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. బావగారు తాగి వచ్చి పిల్లను కొడుతున్నారు. ఈమధ్య ఆమె పుస్తకాలు, రికార్డులు వరండాలోకి విసిరేసి, ఇక కాలేజీ మానెయ్యమన్నారు. అమ్మమ్మ దగ్గరికి వచ్చి ఇక్కడే చదువుకుంటానని అమ్మాయి ఫోనులో ఏడుస్తోంది. నేను వెళ్లి తీసుకువస్తే కిడ్నాప్ కేసు పెడతానని బావగారు అంటున్నారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల తండ్రికి దూరంగా ఉండటం చట్టవిరుద్ధమా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (న్యాయవాది):
దూరంగా ఉండటం నేరం కాదు. హాస్టళ్లలో, బంధువుల ఇళ్లలో ఉండి చదువుకుంటున్న పిల్లలందరూ అలా ఉంటున్నవారే, కాకపోతే తల్లిదండ్రుల సమ్మతితో ఉంటున్నారు. మీకు చిక్కు అక్కడే వచ్చింది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం తల్లి లేని పిల్లకు తండ్రే సహజ సంరక్షకుడు. ఆయన సమ్మతి లేకుండా మీరు వెళ్లి తీసుకువస్తే, భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడగల నేరమని ఆయన ఫిర్యాదు చేయవచ్చు. ఆ కేసు పిల్ల మీద కాదు, మీ మీద ఉంటుంది. మేజర్ కావడానికి దగ్గరపడి, మంచిచెడ్డలు తెలిసిన అమ్మాయి తనంతట తానే ఇల్లు విడిచి వచ్చినప్పుడు ఆమెను వెంట ఉండనివ్వడం కిడ్నాప్ కాదని వరదరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1964లోనే చెప్పిన మాట నిజమే కానీ, మీ మేనకోడలికి ఇంకా పదహారేళ్లే కనుక, ఆ తీర్పు ఒక్కదాన్నే నమ్ముకుని విజయవాడ బయలుదేరకండి.

అమ్మమ్మగారిని సంరక్షకురాలిగా నియమించమని ఆమె పేరుతో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేయించండి. పిల్ల నివాసం విజయవాడ కనుక పిటిషన్ తెనాలిలో కాక అక్కడే వేయాలి. తండ్రి హక్కు కంటే పిల్ల క్షేమమే కోర్టుకు ముఖ్యం. ఆలోచించి చెప్పగలిగిన వయసు గనుక అమ్మాయి అభిప్రాయాన్ని కూడా న్యాయమూర్తి పరిగణించవచ్చు.

జవాబు (బాలల రక్షణ రంగంలో పనిచేసిన వ్యక్తి):
పై సలహా సరైనదే, కానీ పిల్ల దెబ్బలు తింటున్నప్పుడు కోర్టు వాయిదాల కోసం ఎదురుచూడటం నాకు సమ్మతం కాదు. ఈ రోజే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, లేదా అమ్మాయినే చేయమనండి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు పిల్ల స్వయంగా కూడా వెళ్లవచ్చు. సమితి విచారణ జరిపించి, ఆమె రక్షణకు తగిన ఆదేశం ఇస్తుంది. విచారణ ముగిసేవరకు కొన్నాళ్లు బాలికల గృహంలో ఉంచే అవకాశం ఉంది, అందుకు అమ్మాయిని ముందే సిద్ధం చేయండి. అమ్మమ్మ ఉన్నారని, చూసుకోగలరని మొదటి రోజే సమితికి రాసి ఇవ్వండి. ఈలోగా పిల్ల తనే మీ గుమ్మంలోకి వచ్చేస్తే దాచిపెట్టకుండా వెంటనే సమితికి, పోలీసులకు తెలియజేయండి. వయసుకు మొదటి రుజువు పదో తరగతి మెమో కాబట్టి అది ఎక్కడుందో కనుక్కోండి.

జవాబు (కాలిఫోర్నియా):
ఇక్కడ పద్నాలుగేళ్లు నిండి, తల్లిదండ్రుల అంగీకారంతో వేరుగా ఉంటూ, తన ఖర్చులు తానే చూసుకుంటున్న పిల్లలు కోర్టు ద్వారా స్వతంత్రత పొందవచ్చు. అక్కడ అటువంటిది లేదా?

జవాబు (న్యాయవాది):
లేదు. మన దేశంలో మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకు చివరి అప్పీలు కోర్టు) తేల్చింది కనుక, అమ్మాయి తన పేరుతో గది అద్దె ఒప్పందం కూడా చేసుకోలేదు. ఎవరో ఒక పెద్ద దిక్కు ఉండాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
1098కి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను. పిల్ల మా దగ్గర ఉంటే చదువు ఖర్చు బావగారు ఇవ్వనక్కరలేదా?

జవాబు (న్యాయవాది):
ఇవ్వాలి. వేరే ఇంట్లో ఉన్నంత మాత్రాన కూతురిని పోషించే బాధ్యత ఆయనకు తప్పదు. మనోవర్తి కోసం విడిగా పిటిషన్ వేయవచ్చు. పిల్లలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, జిల్లా కోర్టు ఆవరణలోనే వారి కార్యాలయంలో అడగండి.