వెబ్ టెలిస్కోప్ ఫొటోల్లో రంగులు నిజమైనవేనా?

నింగిచూపు:
పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్ (నక్షత్రాలు పుట్టే గ్యాస్, ధూళి స్తంభాలు) ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టి చూస్తున్నాను, హబుల్ టెలిస్కోప్ తీసినది ఒకటి, జేమ్స్ వెబ్ 2022లో తీసినది ఒకటి. హబుల్ ఫొటోలో గోడల్లా కనిపించే ధూళి స్తంభాలు వెబ్ ఫొటోలో పలచబడిపోయి, వాటి లోపలున్న నక్షత్రాలు బయటపడ్డాయి. చాలా అందంగా ఉంది. కానీ వెబ్ చూసేది ఇన్‌ఫ్రారెడ్ కాంతి, అది మన కంటికి కనపడదు కదా, మరి ఈ నారింజ, నీలం రంగులు ఎక్కడి నుంచి వచ్చాయి? నాకు తెలిసినవాళ్లు కొందరు "అంతా ఫొటోషాప్" అని తీసిపారేస్తుంటే బాధేస్తోంది. వాళ్లకి సరిగ్గా ఏం చెప్పాలి?

ధూళిమేఘం:
రంగులు వేసినవే, కానీ ఊహించి వేసినవి కావు. సెన్సర్‌కి ఏ టెలిస్కోప్‌లోనైనా తెలిసేది ఒకటే, ఎక్కడ ఎంత వెలుగు పడింది అన్నది, కాబట్టి ఒక్కో ఫిల్టర్ పెట్టి ఒక్కో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీస్తారు. మీరు చెప్పిన ఫొటోకి ఆరు ఫిల్టర్లు వాడారు. తరంగదైర్ఘ్యం తక్కువున్న వాటికి నీలం వైపు రంగులు, ఎక్కువున్న వాటికి ఎరుపు వైపు రంగులు ఇచ్చి కలిపారు. అంటే మన కంటికి కనిపించే కాంతిలో ఉన్న వరసే ఇక్కడా ఉంది, మొత్తంగా మనకి కనిపించే చోటికి జరిపారంతే. స్తంభాల అంచుల్లో లావాలా ఎర్రగా మెలికలు తిరిగినవి ఉన్నాయి చూడండి, అప్పుడే పుడుతున్న నక్షత్రాలు చిమ్మే జెట్‌లు (గ్యాస్ ధారలు) వచ్చి గుద్దుకోవడంతో వేడెక్కిన హైడ్రోజన్ అది. ఆ ఎరుపు తీసేస్తే అక్కడ ఏం జరుగుతోందో మనకి తెలిసే దారే లేదు. ధూళి పలచబడటం కూడా ఎడిటింగ్ కాదు, ఇన్‌ఫ్రారెడ్ కాంతి ఆ ధూళిలోంచి చాలావరకు దాటి వచ్చేస్తుంది, ఈ టెలిస్కోప్ కట్టిన కారణాల్లో అదొకటి.

రాత్రిబాట:
హబుల్ ఫొటో మాత్రం "నిజం రంగులు" అనుకోవద్దండీ. 1995లో వచ్చిన ఆ ప్రసిద్ధమైన ఫొటోలో హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, సల్ఫర్‌కి ఎరుపు, ఆక్సిజన్‌కి నీలం ఇచ్చారు. నిజానికి అక్కడి హైడ్రోజన్, సల్ఫర్ వెలుగులు రెండూ ఎరుపే, ఉన్నదున్నట్టు చూపిస్తే ఏది ఏదో విడదీయలేం.

దూరగెలాక్సీ:
బాగా దూరంగా ఉన్న గెలాక్సీల విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అక్కడి నక్షత్రాల నుంచి అతినీలలోహితంగానో, కంటికి కనిపించే కాంతిగానో బయల్దేరిన వెలుగు, విశ్వం వ్యాకోచించడం వల్ల దారిలోనే తరంగదైర్ఘ్యం సాగి పెరిగిపోయి ఇన్‌ఫ్రారెడ్‌గా మనని చేరుతుంది. 2022 జులైలో వచ్చిన వెబ్ మొదటి డీప్ ఫీల్డ్‌లో (ఆకాశంలో ఒక చిన్న భాగాన్ని చాలాసేపు చూసి తీసిన ఫొటోలో) చిన్న చిన్న ఎర్రటి చుక్కలు చూసే ఉంటారు. వాటిలో చాలా వరకు అలాంటివే, కొన్ని మాత్రం ధూళి ఎక్కువుండటం వల్ల ఎర్రబడినవి.

2019లో వచ్చిన ఎం87 గెలాక్సీలోని బ్లాక్ హోల్ ఫొటోలో నారింజ రంగు మాత్రం పూర్తిగా ఎంచుకున్నదే. అది రేడియో తరంగాలతో, 1.3 మిల్లీమీటర్ల దగ్గర తీసినది కాబట్టి రంగు చెప్పేది వెలుగు ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నంత వరకే.

రాత్రిబాట:
నాకు అభ్యంతరం ఉన్నది రంగులతో కాదు, ఫొటో కింద వివరణ తీసేసి షేర్ చేయడంతో. వాయేజర్ 2 వ్యోమనౌక తీసిన నెప్ట్యూన్ ఫొటోలు 1989లో వచ్చినప్పుడు మేఘాలు స్పష్టంగా కనపడాలని నీలం పెంచారు, ఆ సంగతి అప్పట్లో చెప్పారు కూడా. కాలక్రమంలో ఆ మాట పోయి ముదురు నీలం మాత్రం మిగిలింది. నెప్ట్యూన్ దాదాపు యురేనస్ లాగే లేత ఆకుపచ్చ కలిసిన నీలం అని 2024లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు మళ్లీ లెక్కగట్టి చూపించాల్సి వచ్చింది.

నింగిచూపు:
ఆ హైడ్రోజన్ సంగతి చదివాక ఫొటో మళ్లీ తెరిచి అంచులన్నీ జూమ్ చేసి చూశాను. ఏ ఫిల్టర్‌కి ఏ రంగు ఇచ్చారో ఎక్కడైనా రాస్తారా?

ధూళిమేఘం:
రాస్తారు. వెబ్ టెలిస్కోప్ వాళ్ల సైట్‌లో ఫొటో పేజీ కిందకి వెళ్తే ఫిల్టర్ల పేర్లు, వాటికిచ్చిన రంగులు ఉంటాయి. అసలు డేటా కూడా మాస్ట్ అనే ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక ఫైల్ మామూలుగా తెరిస్తే దాదాపు నల్లగా కనిపిస్తుంది, కంగారు పడకండి, మసక భాగాల వెలుగు పెంచితే స్తంభాలు బయటికొస్తాయి.