కథ మారిస్తే డైనమిక్ ప్రోగ్రామింగ్ లెక్క తట్టడం లేదు, ఏం చేయాలి?

బెంగళూరులో కోడింగ్ ఇంటర్వ్యూలకు వెళ్తున్నా, రౌండు 45 నిమిషాలు. అర్రేలు, ట్రీలు దాటేస్తున్నా. డైనమిక్ ప్రోగ్రామింగ్ (పెద్ద లెక్కను చిన్న లెక్కలుగా విడగొట్టి, వాటి జవాబులు దాచుకుని వాడుకోవడం) దగ్గరే బండి ఆగుతోంది. చూసిన లెక్కైతే 10 నిమిషాల్లో రాసేస్తా. అదే లెక్క వేరే కథతో అడిగితే స్టేట్ (ఒక్కో చిన్న లెక్కను గుర్తించే విలువలు) ఏం పెట్టుకోవాలో తట్టదు.

మొన్న 1, 2, 5 నాణేలతో 5 రూపాయలు ఎన్ని రకాలుగా ఇవ్వొచ్చని అడిగారు. ఇవ్వాల్సిన రూపాయల లూప్ బయట, నాణేల లూప్ లోపల పెట్టా. 4 రావాల్సింది 9 వచ్చింది. 1+2+2, 2+1+2 వేర్వేరుగా లెక్కేసింది. బయటికొచ్చాక గానీ వెలగలేదు.

6 వారాలుగా రోజుకు 2 లెక్కలు చేస్తున్నా, 1, 3, 7 రోజులకు మళ్ళీ రాస్తున్నా, ముందు రికర్షన్ (ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడం) రాసి తర్వాత మెమో (వచ్చిన జవాబులు దాచడం) తగిలిస్తున్నా. పాతవి గట్టిపడ్డాయి, అంతే. (వీడియోలు చూస్తే అర్థమైనట్టే ఉంటుంది, చేతికి రాదు.)

కొత్త లెక్కలో స్టేట్ పట్టుకోవడానికి మీకు నిజంగా పనికొచ్చిన సాధన ఏది?