ట్రాక్టర్ షెడ్డులో నీళ్లు పోవడానికి వాటం (వాలు) ఎటు పెట్టాలి?

మిర్యాలగూడ రైతు:
అందరికీ నమస్తే. మాది వరి, నల్లరేగడి నేల. పొలం దగ్గరే 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున రేకుల షెడ్డు వేస్తున్నా, ట్రాక్టరు, రోటావేటరు పెట్టుకోవడానికి, చిన్నాచితకా రిపేర్లు, వెల్డింగు కూడా అందులోనే. వచ్చే వారం కింద కాంక్రీటు పోయాలి. దమ్ము చేసొచ్చాక బండి కడిగితే ఆ బురదనీళ్లు ఎటు పోవాలన్నదే టెన్షన్. మేస్త్రీ ఏమో నాలుగు వైపుల నుంచీ మధ్యకు వాటం పెట్టి జాలీ వేద్దాం, అక్కణ్ణుంచి పైపు తీసి బోరు పక్కనున్న ఇంకుడు గుంతలో కలిపేద్దాం అంటున్నాడు. సరేనా?

పాత షెడ్డు:
మధ్యలో జాలీ వద్దన్నా! నేను అదే చేసి ఆరేళ్లుగా అనుభవిస్తున్నా. జాకీ ఎక్కడ పెట్టినా ఒక పక్కకు ఒరుగుతుంది, చక్రాల టూల్ ట్రాలీ తనంతట తనే జాలీ దగ్గరికి వెళ్లి నిలబడుతుంది, చేతిలోంచి జారిన నట్టు ఎక్కడుంటుందో చెప్పక్కర్లేదు. కడగడానికి గేటు వైపు 12 అడుగులు వదిలి, గేటు లోపల అడ్డంగా ఒక కాలువ తీయండి. వాన జల్లు కొట్టినా అందులోకే పోతుంది. రిపేరు చేసే వెనక భాగం దాదాపు మట్టంగానే ఉంచండి.

సైటు మనిషి:
పై మాటే నాదీ. ఆ 12 అడుగులకు అడుగుకు పావు అంగుళం చొప్పున 3 అంగుళాల వాటం, వెనక 18 అడుగులకు మొత్తం మీద 2 అంగుళాలు చాలు. కానీ ఈ వాటం కింద మొరంలోనే రావాలి, పైన కాంక్రీటులో సర్దితే సరిగ్గా కాలువ దగ్గరే మందం తగ్గిపోయి, బండి బరువుకు అక్కడే పగులుతుంది. నల్లరేగడి ఎలాగూ వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, కాబట్టి పైమట్టి తీసేసి మొరం పొరలుపొరలుగా పోసి, తడిపి దిమ్మిస చేయించండి. కాలువ వెడల్పు 8 అంగుళాలు మించనివ్వకండి, అంచులకు యాంగ్లర్ (L ఆకారపు ఇనుప పట్టీ) వేయించండి, జాలీ పట్టీలు నిలువుగా నిలబెట్టి వెల్డ్ చేయించండి, పడుకోబెడితే టైరు ఎక్కగానే వంగిపోతాయి. దమ్ముకు వేసే ఇనుప చక్రాలు బయటే విప్పండి, వాటితో లోపలికొస్తే ఏ కాంక్రీటూ నిలవదు.

బోరు బాధితుడు:
అసలు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిసిన నీళ్లు బోరు పక్కన ఇంకించడమేంటండీ, ఆ నీళ్లే తాగుతారు కదా! కాలువ చివర ముందు బురద గుంత, దాని పక్కన ఇంకో తొట్టి కట్టండి. తొట్టిలోంచి బయటికి పోయే పైపుకు లోపలివైపు ఎల్బో వేసి మూతి కిందికి తిప్పితే, తేలే ఆయిల్ పైనే ఆగి, అడుగు నీళ్లు మాత్రమే పోతాయి. వాటిని కూడా బోరుకు దూరంగానే వదలండి. నెలకోసారి బురద తోడుకోవాలి, తప్పదు. మందు కొట్టిన ట్యాంకు మాత్రం అక్కడ కడగొద్దు, ఈ తొట్టి పురుగుమందును ఆపలేదు. ఆ కడుగునీళ్లు మందు కొట్టిన పొలంలోనే చల్లేయండి.

మిర్యాలగూడ రైతు:
ఇదంతా మేస్త్రీకి చదివి వినిపించా. "జాలీకి అడ్వాన్సు ఇచ్చేశాక చెప్తావేంది" అన్నాడు. రేపు నీళ్ల ట్యూబుతో మట్టం పట్టి గేటు వైపు గీతలు గీస్తాం. బురద గుంత ఎంత లోతు తీయమంటారు?