లెన్స్ ఎఫిషియెన్సీ సిమ్యులేషన్‌లో 96%, ల్యాబ్‌లో 84%. ఏది నమ్మాలి?

దీపస్తంభం:
అందరికీ నమస్తే. వీధి దీపానికి పీఎంఎంఏ (యాక్రిలిక్) లెన్స్ డిజైన్ చేస్తున్నా. జీమాక్స్ (ఆప్టిక్స్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్) నాన్-సీక్వెన్షియల్ మోడ్‌లో ఎల్ఈడీ కంపెనీ ఇచ్చిన రే ఫైల్ (ఎల్ఈడీ కిరణాలు ఎక్కడ మొదలై ఎటు పోతాయో చెప్పే ఫైల్) పెట్టి 10 లక్షల రేలు (కిరణాలు) వదిలాను. యూజ్ పోలరైజేషన్ (సర్ఫేస్‌ల దగ్గర వెనక్కి కొట్టే నష్టాన్ని లెక్కలోకి తీసుకునే సెట్టింగ్) టిక్ చేసే ఉంది. లెన్స్ చుట్టూ పెట్టిన డిటెక్టర్ 96% చూపిస్తోంది. దీపం మొత్తం బిగించి గోనియోఫోటోమీటర్ (దీపం వెలుతురుని అన్ని దిక్కులా కొలిచే యంత్రం) మీద కొలిపిస్తే వచ్చిన ల్యూమెన్లు డేటాషీట్ లెక్కలో 84% మాత్రమే. మా మేనేజర్ గారేమో 50 లక్షల రేలు వేసి చూడమంటున్నారు.

వెలుగునీడ:
యాక్రిలిక్ గ్రేడ్ మార్చి చూడండి బ్రో. లోకల్ మెటీరియల్ అయ్యుంటుంది.

పాత_రే_ట్రేసర్:
గ్రేడ్ జోలికి ఇప్పుడే పోకండి. నాలుగైదు మిల్లీమీటర్ల మందంలో మంచి పీఎంఎంఏ మింగే వెలుతురు చాలా తక్కువ. రేలు పెంచినా ఒరిగేదేం లేదు. మొత్తం ఫ్లక్స్‌కి (వెలుతురుకి) 10 లక్షలు ధారాళంగా చాలు. పిక్సెల్‌కి వంద రేలే పడితే ఆ పిక్సెల్ విలువ పది శాతం అటూఇటూ ఊగుతుంది, అంతే. ఎక్కువ రేలు కావాల్సింది వెలుతురు పరుచుకునే తీరు (డిస్ట్రిబ్యూషన్) నున్నగా రావడానికి.

నాకు 84 కంటే మీ 96 మీదే అనుమానం. రిఫ్రాక్టివ్ ఇండెక్స్ 1.49 అంటే గాలిలోంచి లెన్స్‌లోకి దూరేటప్పుడు దాదాపు 4% వెనక్కి కొడుతుంది, బయటికొచ్చేటప్పుడు మరో 4%. కోటింగ్ లేని లెన్స్ 92 దగ్గర ఆగాలి. ఎల్ఈడీ కింది తెల్ల బోర్డు తిప్పి పంపేది కలిసినా కాస్తే పెరుగుతుంది. మీకు సరిగ్గా ఒక సర్ఫేస్ నష్టం ఎగిరిపోయింది. రే ఫైల్‌లో రేలు ఎక్కడ మొదలవుతున్నాయో లేఅవుట్‌లో ఓ యాభై రేలు గీసి చూడండి. లోపలి డోమ్ (ఎల్ఈడీ వైపు లెన్స్ ముఖం) దాటి, లెన్స్ ఒంట్లోనే పుడుతున్నాయేమో. లెన్స్ తీసేసి కూడా ఒకసారి రన్ చేయండి, డిటెక్టర్ సోర్స్ పవర్ అంతా చూపించాలి.

గోనియో_గది:
దీపానికి ముందు గ్లాస్ ఉందా?

దీపస్తంభం:
ఉందండీ, టఫెన్డ్ గ్లాస్. సిమ్యులేషన్‌లో పెట్టలేదు, లెన్స్ నంబరే అడిగారని.

పాత_రే_ట్రేసర్:
మరి ల్యాబ్ వాళ్లు గ్లాస్‌తో సహా కొలిచారు కదా! 0.92 × 0.92 అంటే 84 చిల్లర. మీ 84 అక్కడక్కడే ఉంది. అయినా నాకు పూర్తిగా నమ్మకం కుదరడం లేదు. ఆ 4% నేరుగా తగిలే కిరణాలకే. వీధి దీపం వెలుతురు రోడ్డు పొడవునా ఏటవాలుగా పోతుంది. 60 డిగ్రీల దగ్గర గ్లాస్ ఒక్కో సర్ఫేస్‌కి 9% దాకా, 70 దగ్గర 17% దాకా వెనక్కి కొడుతుంది. ఆ లెక్కన 84 కంటే తక్కువే రావాలి.

అందుకే అసలు దేంతో భాగించారో చూడండి. ఎల్ఈడీ దీపాలకి ల్యాబ్ ఇచ్చేది ల్యూమెన్లు, వాట్లే. శాతం మీరు వేసుకున్నదే. డేటాషీట్ ల్యూమెన్లు ఏ కరెంట్ దగ్గర, ఏ జంక్షన్ టెంపరేచర్ (ఎల్ఈడీ చిప్ లోపలి వేడి) దగ్గర ఇచ్చారు? 25 డిగ్రీలదైతే వేడికి పడిపోయిన వెలుతురు కూడా మీ లెన్స్ ఖాతాలో పడుతుంది. డ్రైవర్ కరెంట్ కాస్త ఎక్కువ తోస్తుంటే ఉల్టా.

దీపస్తంభం:
రేలు నిజంగానే లెన్స్ లోపల మొదలవుతున్నాయి సార్. స్టార్ట్ పాయింట్లు చిప్ దగ్గరికి జరిపితే 92.3 వచ్చింది. డేటాషీట్ 85 డిగ్రీలదే. గ్లాస్ పెట్టి రన్ మొదలెట్టా. డ్రైవర్ కరెంట్ రేపు ల్యాబ్ వాళ్లని అడుగుతా.