‘యాదృచ్ఛికంగా’ అన్న మాట సమ్మతి పత్రంలో సరిపోతుందా?

అనంతపురం సభ్యుడు:
కొత్త మందుల పరీక్షలో చేరే రోగులకు సమ్మతి పత్రం చదివి వినిపించడం నా పని. ‘మిమ్మల్ని యాదృచ్ఛికంగా ఒక సమూహంలో చేరుస్తారు’ అన్న వాక్యం దగ్గర ప్రతిసారీ చిక్కుపడుతున్నాను. నిన్న షుగరున్న ఒక పెద్దాయన కళ్లద్దాలు తీసి, కాగితం ఒళ్లో పెట్టుకుని, ‘అంటే ఎలా పడితే అలా ఇస్తారా నాయనా?’ అని అడిగారు. ఆయన తప్పు లేదు. ‘యాదృచ్ఛికంగా బస్టాండులో కలిశాం’ అంటాం. అనుకోకుండా జరిగినదానికి వాడే మాట అది. ఇక్కడ జరిగేది కావాలని, పద్ధతిగా చేసేది. ఎవరికి ఏ మందో డాక్టరే ఎంచుకుంటే, తనకు తెలియకుండానే ఓపికున్నవాళ్లవైపు మొగ్గవచ్చు. అప్పుడు కోలుకున్నది మందు వల్లనో, ఒంట్లో సత్తువ వల్లనో తేల్చలేం. వయసు, బరువు, బీపీ తేడాలను గణాంకాలతో సరిచేయవచ్చు. ఎవరూ రాసిపెట్టని తేడాలను ఏ లెక్క సరిచేస్తుంది? అందుకే ఎంపికను మనిషి చేతిలోంచి తప్పిస్తారు. ‘చీటీ వేసి’ అని రాస్తే చాలదా?

కడప సభ్యురాలు:
చీటీ అందరికీ తెలిసిన మాటే, ఒప్పుకుంటాను. కానీ చీటీ అనగానే గెలుపు, ఓటమి గుర్తొస్తాయి అన్నా. కొత్త మందు వచ్చినవాళ్లు అదృష్టవంతులని, పాతది వచ్చినవాళ్లు నష్టపోయారని అనుకుంటారు. కొత్తది మేలో కాదో తెలియకనే కదా పరీక్ష!

అనంతపురం సభ్యుడు:
నిజమే అమ్మా, ఆ సంగతి నాకు తట్టలేదు. 1948లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో 107 మంది క్షయ రోగులున్నారు. ఎవరికి మందు, ఎవరికి పడక విశ్రాంతి మాత్రమే అన్నది బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంక నిపుణుడు, ఏ వరుసా లేని అంకెల పట్టికను బట్టి ముందే తేల్చి, కవర్లలో పెట్టి మూయించారు. రోగిని పరీక్షలో చేర్చుకున్నాకే కవరు విప్పేవారు. ఆరు నెలల్లో మందు తీసుకున్న 55 మందిలో నలుగురు, తీసుకోని 52 మందిలో 14 మంది చనిపోయారు. ఆ తేడా మందుదేనని ధైర్యంగా చెప్పగలిగింది ఆ కవర్ల వల్లే.

మీ మాట కలుపుకుని ఇలా తిరగరాశాను: ‘రెండు మందుల్లో ఏది మేలో ఇంకా తెలియదు. మీకు ఏది ఇవ్వాలో డాక్టరు ఎంచుకోరు, మీరూ ఎంచుకోరు. చీటీ వేసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది.’

ఇక ‘సమూహం’ మిగిలింది. జట్టు అంటే ఆటలా ఉంది. వర్గం అన్న మాటను మన జిల్లాల్లో రోగి ముందు ఎలా పలకను? ఇంకేదైనా ఉంటే చెప్పండి.