అప్‌డేట్: ఫ్రెంచ్ మేడమ్‌కి 'సిన్స్', 'ఫర్' తేడా తెలిసింది

నల్లగొండ నుంచి ఆన్‌లైన్‌లో ఒక ఫ్రెంచ్ మేడమ్‌కి ఇంగ్లిష్ గ్రామర్ చెప్తున్నానని, ఆమెతో 'ఐ లివ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్' ఎలా మాన్పించాలని పోయిన నెల అడిగాను కదా. రూల్స్ పక్కన పెట్టి, మీరు చెప్పినట్టే ఆమె భాషలో ఏమంటారో అడిగాను. 'దెప్యుయి' అన్నారు. అచ్చం మన 'నుంచి'! 2021 నుంచి అన్నా, మూడేళ్ల నుంచి అన్నా ఒకటే మాట. క్రియ కూడా మన 'ఉంటున్నాను' లాగా వర్తమాన కాలంలోనే. ఇంటర్‌లో నేనూ ఇదే తప్పు రాసేవాణ్ని.

కాగితం మీద గీత గీసి, మొదట్లో చుక్క పెట్టి 'సిన్స్' (ఎప్పుడు మొదలైందో) అని, గీత పొడవునా 'ఫర్' (ఎంత కాలమో) అని రాసి కెమెరాకు చూపించాను. నిన్న ఆమే 'ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్' అన్నారు. ఎంత సంతోషమేసిందో!

'ఐ సా' అనాల్సిన చోట 'ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే' అనడం మాత్రం ఇంకా పోలేదు. ఫ్రెంచ్‌లో అలా అనడం సరైనదే మరి. దానికీ ఏదైనా ఉపాయం ఉంటే చెప్పండి.