రెండో వీసీఓ కలిపితే పై స్వరాలు శ్రుతి తప్పుతున్నాయి

ప్రశ్న:
నమస్కారం అండీ. యూరోర్యాక్ సిస్టమ్ (విడి మాడ్యూళ్లతో పేర్చుకునే సింథసైజర్) ఒకటి కొద్దికొద్దిగా పేర్చుకుంటున్నాను. స్వరాలను వరసగా పంపే సీక్వెన్సర్ నుంచి వచ్చే పిచ్ సీవీని (ఏ స్వరమో చెప్పే వోల్టేజీని) పాసివ్ మల్టిపుల్‌తో రెండు వీసీఓలకు (స్వరం పుట్టించే మాడ్యూళ్లకు) పంచాను. ఒక్కటే ఉన్నప్పుడు నాలుగు ఆక్టేవ్‌లూ శ్రుతిలోనే ఉన్నాయి. రెండోది తగిలించగానే కింది స్వరాలు బాగానే ఉంటాయి గానీ పైకి వెళ్లేకొద్దీ దిగిపోతున్నాయి. వీసీఓ పాడైందంటారా? ఇంకో సంగతి, కొత్త డిజిటల్ మాడ్యూల్ స్విచ్ వేసినప్పుడు ఒక్కోసారి లేవడం లేదు. ఆపి మళ్లీ వేస్తే పనిచేస్తోంది.

జవాబు 1:
వీసీఓని అనుమానించకండి. పైకి వెళ్లేకొద్దీ తేడా పెరుగుతోందంటే వోల్టేజీ కొంత శాతం తగ్గుతోందని అర్థం. పాసివ్ మల్టిపుల్ లోపల ఏమీ ఉండదు, జాక్‌లన్నీ ఒకే తీగకు కలిపి ఉంటాయి అంతే. చాలా మాడ్యూళ్ల అవుట్‌పుట్‌లో 1 కిలో ఓం, ఇన్‌పుట్‌లో 100 కిలో ఓంలు ఉంటాయి. సీక్వెన్సర్ 4 వోల్టులు ఇస్తే, ఒక వీసీఓ ఉన్నప్పుడు దాని ఇన్‌పుట్ దగ్గర దాదాపు 3.96 ఉంటుంది. రెండోది తగిలిస్తే 3.92కి పడుతుంది. ఆక్టేవ్‌కు ఒక వోల్టు లెక్కన సెమీటోన్ అంటే 83 మిల్లీవోల్టులే. అంటే పోయింది దాదాపు అర సెమీటోన్! వినబడకుండా ఎలా ఉంటుంది? మొదటి వీసీఓ స్కేల్ ట్రిమ్మర్‌ని (ఆక్టేవ్‌ల దూరం సరిచేసే చిన్న స్క్రూని) ఒంటరిగా ఉన్నప్పుడు సరిచేసి ఉంటారు, అందుకే అప్పుడు తేడా తెలియలేదు.

నమ్మకం కుదరకపోతే మల్టిపుల్‌లో ఖాళీగా ఉన్న జాక్ దగ్గర మల్టీమీటర్ పెట్టి, రెండో కేబుల్ పీకి చూడండి, పెట్టి చూడండి.

దీనికి మందు బఫర్డ్ మల్టిపుల్, అంటే లోపలి యాంప్లిఫయర్‌తో వోల్టేజీ పడిపోకుండా పంచేది. సీక్వెన్సర్‌కు రెండో పిచ్ అవుట్‌పుట్ ఉండి, దానికి అదే సీక్వెన్స్ పంపగలిగితే ఖర్చే లేదు. కొన్ని మాడ్యూళ్లలో ఆ 1 కిలో ఓం రెసిస్టర్‌ని ఆప్-ఆంప్ (యాంప్లిఫయర్ చిప్) ఫీడ్‌బ్యాక్ లోపల పెడతారు, వాటికి ఈ బాధ ఉండదు. "నాకు పాసివ్‌తోనే బాగుంది" అనేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ల మాడ్యూల్ అలాంటిది కావచ్చు. గేట్, క్లాక్ (ఆన్-ఆఫ్, తాళం సంకేతాలు), ఎల్ఎఫ్ఓలను (నెమ్మదిగా ఊగే వోల్టేజీలను) మాత్రం పాసివ్‌తోనే పంచుకోండి, అక్కడ ఒక శాతం తగ్గినా ఎవరికీ పట్టదు.

జవాబు 2:
రెండో సమస్య పవర్‌దిలా ఉంది. కరెంటు లెక్క వేసేటప్పుడు అన్నీ కలిపి కూడకూడదు. +12, −12, +5 వోల్టుల లైన్లకు దేనికది విడిగా కూడాలి. చాలామంది +12 ఒక్కటే చూసి సరిపోయిందనుకుంటారు. పైగా డిజిటల్ మాడ్యూళ్లు కొన్ని లేచే క్షణంలో మామూలుకంటే ఎక్కువ లాగుతాయి. అందుకే సప్లై సామర్థ్యంలో కనీసం పావు వంతు మిగిలేలా చూసుకుంటే మంచిది. పరీక్ష కావాలంటే పవర్ ఆపి, వేరే రెండు మూడు మాడ్యూళ్ల పవర్ రిబ్బన్ కేబుళ్లు తీసేసి కొన్నిసార్లు ఆన్ చేసి చూడండి. ప్రతిసారీ లేస్తే సప్లై చాలడం లేదని అనుకోవచ్చు.

తిరిగి తగిలించేటప్పుడు రిబ్బన్ ఎర్ర అంచు −12 వైపే ఉండాలి. కనెక్టర్ గాడి ఒక్కదాన్నీ నమ్మకండి. మాడ్యూల్ బోర్డు మీద, పవర్ పంచే బస్ బోర్డు మీద ఏం ముద్రించారో చదవండి. 10 పిన్‌ల కనెక్టర్ తిరగేసి పెడితే +12, −12 తారుమారవుతాయి. రక్షణ డయోడ్లు లేని మాడ్యూల్ అయితే అంతే సంగతులు.

అడిగినవారు:
మల్టీమీటర్‌తో చూశానండీ, మీరన్నట్టే పడుతోంది. బఫర్డ్ మల్టిపుల్ తెప్పిస్తున్నాను. పాసివ్ ఖాళీ అవుతుంది కదా, రెండు వీసీఓల అవుట్‌పుట్‌లనీ అందులో కలిపి ఫిల్టర్‌కు పంపవచ్చా?

జవాబు 1:
వద్దండీ. ఒకటి పంచడానికే అది, రెండు కలపడానికి కాదు. ఒక అవుట్‌పుట్ +5 అంటుంటే రెండోది −5 అంటుంది, ఒకదానిమీద ఒకటి తోసుకుంటాయి. ఆ 1 కిలో ఓం ఉన్నవైతే మాడ్యూల్ బతికిపోతుంది, కానీ సిగ్నల్ సగానికి పడుతుంది, ఒక్కోదాన్ని విడిగా తగ్గించే వీలూ ఉండదు. రెసిస్టర్ లేనివైతే దెబ్బతినే ప్రమాదం ఉంది. చిన్న మిక్సర్ మాడ్యూల్ తీసుకోండి. మీ ఫిల్టర్‌కు రెండు ఆడియో ఇన్‌పుట్‌లు ఉంటే అదీ అక్కర్లేదు, ముందు ప్యానెల్ చూసుకోండి.